హీబ్రూ ప్రవక్తల వాఙ్మయమున దేవుని ఎడతెగని ప్రేమ

నిబంధన యనునది ఇరుపక్షముల నడుమ జరుగునది. అందొక పక్షము తన మాటను బొత్తిగా విడిచినపుడు రెండవ పక్షమునకు ఆ బంధమునుండి విముక్తి కలుగునా, కలుగదా? ప్రాచీన ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రము ననుసరించియు, ఆనాటి పశ్చిమాసియా రాజనీతి ననుసరించియు ఈ ప్రశ్నకు సమాధానము సులభమే: ద్రోహికి దండనము, వంచితునకు విముక్తి. క్రీ. పూ. ఎనిమిదవ శతాబ్ది మధ్యభాగమునుండి ఐదవ శతాబ్ది వఱకు ఇశ్రాయేలు, యూదా రాజ్యములలోను, బబులోను చెరలోను, చెరనుండి మరలివచ్చిన చిన్న సమాజములోను ప్రవచించిన హీబ్రూ ప్రవక్తలు ఈ సమాధానము నెఱుగనివారు కారు; ఎఱిగియుండియు, అందలి దండన భాగమును అక్షరాల అంగీకరించి, విముక్తి భాగమును మాత్రము నిరాకరించిరి. వారి దేవుడు తన ప్రజలను శిక్షించును, శిక్షించి వదలుకొనజాలడు. ప్రవక్తల వాఙ్మయమున దైవప్రేమ యను విషయమంతయు ఈ నిరాకరణమునుండి పుట్టినదే. దీనిని కేవలము క్షమాగుణముగా భావించువారు ఆ గ్రంథములలో సగమునే చదివినవారగుదురు.

ఈ ప్రేమను హీబ్రూ గ్రంథములు తఱచుగా 'హెసెద్' అని వ్యవహరించును. తెలుగు బైబిలులో ఇది ప్రాయికముగా 'కృప' యని కనబడును. నెల్సన్ గ్లూక్ అను పండితుడు 1927లో ప్రకటించిన జర్మను గ్రంథమున ఇది హృదయోద్వేగము కాదనియు, సంబంధము వలన నేర్పడిన పరస్పర ధర్మమనియు వాదించెను. తరువాతి వారు పలువురు ఆ వాదమును సవరించి, ధర్మము నిర్బంధించిన మేరను దాటి ప్రవహించు ఔదార్యమును కూడ ఇందు చేర్చిరి. ప్రవక్తల విషయమున ఈ సవరణయే న్యాయ్యమైనది, ఏలయనగా వారు వర్ణించిన సందర్భమున పరస్పరత యనునది అప్పటికే నశించియున్నది. 1963లో విలియం మోరన్ మఱియొక సంగతిని వెలికి దెచ్చెను. అష్షూరు చక్రవర్తి ఎసర్హద్దోను క్రీ. పూ. 672లో సామంతులచేత చేయించిన ప్రమాణములలో యువరాజగు అషూర్బనిపాలును ప్రేమింపవలెనను విధి కలదు. అనగా ఆ కాలపు సంధిపత్రములలో ప్రేమ యనునది సామంతుడు చక్రవర్తికి చెల్లింపవలసిన రాజభక్తి. ద్వితీయోపదేశకాండమున దేవుని ప్రేమింపుడను ఆజ్ఞకును ఈ ఛాయ కలదని ఆయన చూపెను. ప్రవక్తలయందు ఈ ప్రవాహము ఎదురు దిక్కున సాగినది. ప్రేమించువాడు ప్రభువు, ఎగవేయువాడు సామంతుడు.

ఎనిమిదవ శతాబ్ది ప్రవక్తలలో మొదటివాడగు ఆమోసు ఈ విషయమున మితభాషి. యూదాలోని తెకోవ గ్రామమునకు చెందిన ఈ పశువుల కాపరి ఉత్తర రాజ్యమునకు వచ్చి, భూమిమీది సకల వంశములలో దేవుడు ఎఱిగినది ఇశ్రాయేలునే గనుక దాని దోషములన్నిటికిని శిక్ష దానికే తప్పదని తర్కించెను. ఎన్నిక యనునది రక్షణకవచమని నమ్మియున్న శ్రోతలకు ఈ 'గనుక' పిడుగువలె తగిలియుండును. ఐగుప్తునుండి ఇశ్రాయేలును రప్పించిన దేవుడే కఫ్తోరునుండి ఫిలిష్తీయులను, కీరునుండి అరామీయులను రప్పించెనని కూడ ఆయన చెప్పినాడు. ప్రేమ బాధ్యతను తగ్గింపదు, పెంచును అను సూత్రమును ఆమోసు స్థాపించిన పిదపనే హోషేయ గ్రంథమునకు స్థానమేర్పడినది.

హోషేయ బెయేరి కుమారుడు, ఉత్తర రాజ్యపు మనుష్యుడు. రెండవ యరొబాము ఏలుబడి (సుమారు క్రీ. పూ. 786–746) కడపటి దినములలో ఆయన ప్రవచనము ఆరంభమైనది. అవి ఐశ్వర్య దినములు. రాజధానియగు షోమ్రోను త్రవ్వకములలో దొరకిన దంతపు చెక్కడములు ఆనాటి రాజగృహముల భోగమునకు సాక్ష్యములు. అచ్చటనే 1910లో లభించిన మట్టిపాత్రల పెంకులపై, నూనె, ద్రాక్షారసముల లెక్కల నడుమ వ్రాయబడిన మనుష్యుల పేర్లు కొన్ని యెహోవా నామముతోను కొన్ని బయలు నామముతోను కూడియున్నవి. వర్షమును, పైరును, పశుసంతతిని ఇచ్చువాడు బయలు దేవుడను నమ్మకము ఎంత లోతైనదో 1929 మొదలు ఉగారిత్ నగర శిథిలములలో బయల్పడిన కావ్యములు తేటపఱచినవి. ధాన్యము, ద్రాక్షారసము, నూనె ఎవరి దానము? హోషేయ తన వివాదమును ఈ ప్రశ్నయొద్దనే మొదలిడెను. యరొబాము మరణానంతరము రాజ్యము చీలికలు పేలికలైనది. అతని కుమారుడు జెకర్యా ఆరు నెలలలో హతుడయ్యెను. అతని జంపిన షల్లూము ఒక నెల యేలెను. అతని జంపిన మెనహేము అష్షూరు రాజునకు వేయి తలాంతుల వెండి కప్పముగా చెల్లించి సింహాసనమును నిలుపుకొనెను. మూడవ తిగ్లత్పిలేసెరు సేనలు పడమటికి కదలుచుండగా షోమ్రోను ఒకనాడు ఐగుప్తును, ఒకనాడు అష్షూరును ఆశ్రయించుచుండెను. ఈ రాజకీయ చాంచల్యమును కూడ హోషేయ వ్యభిచారమనియే పేర్కొనెను.

ఆయన గృహజీవితమే ఆయన సందేశమైనది. వ్యభిచారిణిని పెండ్లాడుమను ఆజ్ఞ ననుసరించి దిబ్లయీము కుమార్తెయగు గోమెరును చేపట్టెను. ముగ్గురు బిడ్డలు కలిగిరి. ముగ్గురి పేర్లును శాసనములే. యెహూ వంశము రక్తపాతముతో రాజ్యమునకు వచ్చిన స్థలమును స్మరింపజేయు యెజ్రెయేలు మొదటి పేరు. కనికరము పొందనిదను అర్థముగల లోరూహామా రెండవది. నా జనము కాదను అర్థముగల లోఅమ్మీ మూడవది. సీనాయియొద్ద చేయబడిన నిబంధనను ఒక పసివాని పేరిట రద్దుపఱచుట! ఆ బిడ్డను వీధిలో పేరుపెట్టి పిలిచిన ప్రతిమాఱును జనులు తమ తీర్పును వినవలసివచ్చెను.

మొదటి అధ్యాయము ప్రథమపురుషలో నున్నది. మూడవ అధ్యాయము ప్రవక్త తానే చెప్పినట్లున్నది. అందు, మఱియొకనిచే ప్రేమింపబడుచు వ్యభిచరించుచున్న స్త్రీని మరల ప్రేమింపుమను ఆజ్ఞ వినబడగా, ఆయన పదునైదు తులముల వెండియు, కొంత యవధాన్యమును ఇచ్చి ఆమెను కొనెను. ఆమె గోమెరో కాదో గ్రంథము చెప్పదు. ఆ సొమ్ము ఎవరికి చెల్లించెనో అదియు చెప్పదు. బానిస వెల ముప్పది తులములని నిర్గమకాండమున నుండుటచే, వెండి చాలక ధాన్యముతో పూరించి ఆ వెలను సమకూర్చెనని కొందఱు వ్యాఖ్యాతలు ఊహించిరి. ఈ వివాహము నిజముగా జరిగినదా యను వివాదము కూడ ప్రాచీనమే. ఇబ్న్ ఎజ్రా, మైమోనిదీసు వంటి మధ్యయుగపు యూదు విద్వాంసులు ఇది దర్శనమున జరిగినదే గాని లోకమున జరిగినది కాదనిరి. దేవుడు తన భక్తుని ఇట్టి అపకీర్తికి గురిచేయునా యనునది వారి సంకోచము. గోమెరు పేరునకును, ఆమె తండ్రి పేరునకును ఏ గూఢార్థమును చెప్పబడకపోవుటను, వివరములు ఇంత మొఱటుగా నుండుటను చూడగా ఇది జరిగినదియే యనుట నాకు యుక్తముగా తోచుచున్నది. దృష్టాంతము కొఱకు కథ నల్లువాడు ఇంతకంటె చక్కగా నల్లియుండును.

రెండవ అధ్యాయమున ఈ కథ దేవునికిని దేశమునకును అన్వయింపబడినది. ఆమె నా భార్య కాదు, నేను ఆమె భర్తను కానను త్యాగోక్తితో అది మొదలగును. ఈ మాటలు ఎట్టివో గుర్తించుటకు నీలనదిలోని ఎలెఫంటీను ద్వీపమున దొరకిన ఐదవ శతాబ్దపు యూదుల వివాహపత్రములు తోడ్పడును. అందు వరుడు ఇదే వాక్యమును విధిరూపమున పలికి వధువును స్వీకరించును. అనగా హోషేయ గ్రంథమున దేవుడు న్యాయస్థానపు భాషలో మాటాడుచున్నాడు. ఆమె మార్గమునకు ముండ్లకంచె వేయుదుననును, వస్త్రములు ఊడదీయుదుననును, ధాన్యమును ద్రాక్షారసమును తిరిగి తీసికొందుననును. తరువాత హేతువు చెప్పక, పశ్చాత్తాపము కొఱకు వేచియుండక, ప్రసంగము మలుపు తిరుగును. ఆమెను అరణ్యమునకు కొనిపోయి, కొత్త పెండ్లికొడుకు వలె మనసు కరగునట్లు మాటాడి, ఆకాను పాపము వలన అపకీర్తి పొందిన ఆకోరు లోయను ఆశాద్వారముగా చేసి, నీతిని, న్యాయమును, కృపను, కనికరమును, నమ్మకమును శుల్కముగా నిచ్చి మరల ప్రధానము చేసికొందునని ఆ దేవుడే ప్రకటించును. ముగ్గురు బిడ్డల పేర్లును తారుమారగును. ఇందు గమనింపదగినది, ఈ రెండవ వివాహమునకు వధువు యోగ్యత కారణముగా చెప్పబడకపోవుట, శుల్కమంతయు వరునిదే.

అయినను హోషేయ గ్రంథమునకు శిఖరము పెండ్లి ఉపమానము కాదు, పదునొకండవ అధ్యాయము. అందు భర్త స్థానమున జననియో జనకుడో కనబడును. ఐగుప్తునుండి పిలువబడిన పసివాడు, అతనికి నడక నేర్పిన చేతులు, వంగి అన్నము తినిపించిన లాలన ఒకవైపు; పిలిచినకొలది దూరముగా పోయి బయలుకు ధూపము వేసిన సంతతి మఱియొకవైపు. ద్వితీయోపదేశకాండపు విధి ప్రకారము తల్లిదండ్రుల మాట వినని మొండికుమారునకు రాళ్లతో కొట్టబడి చచ్చుటయే శిక్ష. ఆ శిక్ష ఉచ్చరింపబడబోవు క్షణమున దేవుడు తన్ను తానే ప్రశ్నించుకొనును. సొదొమతోబాటు తలక్రిందులు చేయబడిన అద్మా, సెబోయీములవలె ఎఫ్రాయిమును, అనగా ఇశ్రాయేలును, చేయుటెట్లని తలంచినంతనే, ఆ పట్టణములకు కలిగిన తలక్రిందులు దేవుని హృదయమునకే కలుగును. అందుకు ఆయన చెప్పిన హేతువు మిక్కిలి విచిత్రమైనది: తాను దేవుడు గాని మనుష్యుడు కాడట. క్షమను మానవ దౌర్బల్యముగాను, దండనమును దైవలక్షణముగాను తలంచుట లోకమున సర్వసామాన్యము. హోషేయ దీనిని సరిగా త్రిప్పివేసెను.

ఇంతటితో గండము తొలగెనని పాఠకుడు తలంచరాదు. పదుమూడవ అధ్యాయమున అదే దేవుడు పిల్లలను పోగొట్టుకొన్న ఎలుగుబంటివలె, త్రోవప్రక్కన పొంచియున్న చిఱుతపులివలె కనబడును. పదునాల్గవ అధ్యాయమున మరల మంచువలె దిగి లెబానోను పరిమళమును రప్పించును. జనుల భక్తి ఉదయపు మేఘమువలె, తెల్లవారగనే ఆరిపోవు మంచువలె క్షణికమైనదని అంతకు ముందు నిందించిన గ్రంథమే ఇప్పుడు దేవుని మంచుగా వర్ణించుట కవి చమత్కారమే. ఈ ఊగిసలాటను సంకలనకర్తల చేతిపనిగా విడదీయజూచిన విమర్శకులు కలరు. ఎనిమిదవ శతాబ్ది చరిత్రయే అట్లుండెనని నా తలంపు. క్రీ. పూ. 722–721లో షోమ్రోను పడిపోయెను; ఇరువదియేడువేలకు పైగా జనులను చెరగొంటినని రెండవ సర్గోను తన శాసనములలో చెప్పుకొనెను. ప్రేమ ఆ విపత్తును ఆపలేదు. ఉత్తరమున వినబడిన ఆ మాటలు, బహుశః పరారియైనవారితోపాటు, యూదాను చేరి అచ్చట భద్రపఱచబడినవి.

వాటిని అందుకొన్నవాడు యిర్మీయా. యెరూషలేమునకు చేరువనున్న అనాతోతులో యాజకుల వంశమున, హిల్కీయాకు పుట్టి, యోషీయా యేలుబడి పదుమూడవ యేట, అనగా సుమారు క్రీ. పూ. 627లో ఈయన పిలుపు నందెను. పెండ్లి, సంతానము నిషేధింపబడిన ఈ బ్రహ్మచారి అరణ్యములో దేవుని వెంట నడచిన కన్నెవధువుగా ఇశ్రాయేలును స్మరించుట విశేషము. అయితే ఈయన హోషేయ విడిచిన చిక్కును ఎదుర్కొనెను. విడువబడిన స్త్రీ మఱియొకని పెండ్లాడినయెడల మొదటి భర్త ఆమెను మరల పరిగ్రహింపరాదనియు, అట్లు చేయుట దేశమునకు అపవిత్రత యనియు ద్వితీయోపదేశకాండము ఇరువది నాల్గవ అధ్యాయమున శాసించినది. యిర్మీయా మూడవ అధ్యాయము ఈ శాసనమును స్మరించియే ఆరంభమగును. ఉత్తర రాజ్యమునకు పరిత్యాగపత్రిక ఇయ్యబడినదని కూడ స్పష్టముగా చెప్పును. పిదప అదే అధ్యాయము మరలి రమ్మని పిలుచును. ధర్మశాస్త్రము మూసిన ద్వారమును శాస్త్రకర్తయే తెఱచుచున్నాడనుట యాజకవంశీయుడు ఎఱుగక చేసిన సాహసము కాదు.

యిర్మీయాయందు ప్రేమకును దుఃఖమునకును నడుమ ఎడము లేదు. కన్నులు నీటియూటలైన బాగుండునని తొమ్మిదవ అధ్యాయమున ఏడ్చుచున్నది ప్రవక్తయో దేవుడో వ్యాఖ్యాతలు నేటికిని తేల్చుకొనలేకున్నారు. మఱియొకచోట ఈ జనము కొఱకు ప్రార్థింపవలదని దేవుడు ప్రవక్తను వారించును. మోషే, సమూయేలులు నిలిచినను తన మనసు మాఱదనును. కూషీయుని చర్మము, చిఱుతపులి మచ్చలు మాఱనట్లు వీరి స్వభావమును మాఱదని తీర్పు చెప్పిన ప్రవక్తకు, పశ్చాత్తాపమును ఎదురుచూచు ప్రేమ చాలదని తెలిసియుండవలెను. అందుచేతనే ముప్పది, ముప్పది యొకటి అధ్యాయములలో, ఆదరణ గ్రంథమని వాడుకైన భాగమున, రామాలో తన బిడ్డలకై ఏడ్చు రాహేలును, గద్దించిన ప్రతిసారియు తండ్రికి జ్ఞాపకము వచ్చు ఎఫ్రాయిమును చూపిన పిదప, రాతిపలకలను విడిచి హృదయములమీద వ్రాయబడు క్రొత్త నిబంధన వాగ్దత్తమైనది. సూర్యచంద్రుల నియమములు తప్పిననే ఇశ్రాయేలు జనము కాకపోవునని దానికి హామీ. బబులోను సేనలు యెరూషలేమును ముట్టడించియుండగా, కారాగృహ ప్రాకారమున బంధింపబడిన యిర్మీయా తన పినతండ్రి కుమారుడగు హనమేలు పొలమును పదునేడు తులముల వెండికి కొని, క్రయపత్రములను బారూకుచేత మట్టికుండలో పెట్టించెను. శత్రువు కాలిక్రింద నున్న పొలమును వెలయిచ్చి కొనుట ఆ ముప్పది యొకటవ అధ్యాయమునకు ఆచరణ వ్యాఖ్యానము.

క్రీ. పూ. 597లో రాజగు యెహోయాకీనుతో చెరపట్టబడి, బబులోను దేశపు కెబారు కాలువయొద్ద 593లో దర్శనము నందిన యెహెజ్కేలు ఈ పరంపరలో అపవాదము. పదునాఱవ అధ్యాయమున ఆయన పెండ్లి ఉపమానమును దాని అంతమువఱకు లాగెను. బొడ్డుకోయక పొలమున పాఱవేయబడిన ఆడుశిశువును దారినపోవు రాజు బ్రదికించి, పెంచి, పరిణయమాడి, అలంకరింపగా ఆమె ఆ నగలతోనే ప్రతిమలు చేసికొనెను. ఇరువది మూడవ అధ్యాయమున ఒహొలా, ఒహొలీబాలను అక్కచెల్లెండ్ర కథ ఇంకను కటువు. ఈ భాష యెంత జుగుప్సాకరముగా తోచినదనగా, పదునాఱవ అధ్యాయమును సమాజమందిరమున ప్రవక్తల పాఠముగా చదువరాదని రబ్బీ ఎలియెజెరు అభిప్రాయపడినట్లు మిష్నాలో కలదు. మఱియు యెహెజ్కేలు పునరుద్ధరణమునకు చెప్పిన హేతువు ప్రేమ కాదు. అన్యజనులలో దూషింపబడిన తన నామము కొఱకే చేయుచున్నానని దేవుడు ముప్పది యాఱవ అధ్యాయమున నొక్కి చెప్పును. రాతిగుండెను తీసి మాంసపు గుండె నిచ్చుట కూడ అందుకే. ఆ అధ్యాయములను ప్రేమగీతములుగా చదువుట వ్యాఖ్యాతల మంచితనమే గాని గ్రంథకర్త ఉద్దేశము కాదు. అయినను దుష్టుడు మరణించుట తనకు సంతోషము కాదని ప్రమాణము చేయు దేవుడును, చెదరిన గొఱ్ఱెలను తానే వెదకబోవు కాపరియు ఈ గ్రంథముననే ఉన్నారు.

యెషయా గ్రంథమున నలువదవ అధ్యాయము మొదలు ఏబది యైదువఱకు గల భాగము చెరకాలపు అజ్ఞాత ప్రవక్తదని, 1892లో బెర్నార్డ్ దూమ్ వ్యాఖ్యానము వెలువడినది మొదలుకొని పండితులు ఎక్కువమంది అంగీకరింతురు. పారసీక రాజు కోరెషు 539లో బబులోనును జయించుటకు కొంచెము ముందు వెనుకలుగా పలుకబడిన ఈ ప్రవచనములలో, ఫిర్యాదు చేయునది వంచితుడగు భర్త కాదు. విడువబడితినని, మఱువబడితినని వాపోవు సీయోను, అనగా యెరూషలేము. తల్లి చంటిబిడ్డను మఱచిన మఱచుగాక, తాను మఱువనని దేవుడు ప్రత్యుత్తరమిచ్చును. ఆ పట్టణము ఆయన అరచేతులమీద చెక్కబడియున్నదట. ఏబదియవ అధ్యాయమున పరిత్యాగపత్రిక ఏదీ, చూపుడని సవాలు చేయును. ఉత్తర రాజ్యమునకు అట్టి పత్రిక ఇయ్యబడినదన్న యిర్మీయాకు ఇది ప్రత్యాఖ్యానమా, లేక సీయోను సంగతి వేఱనుటయా యనుట చర్చనీయము. ఏబది నాల్గవ అధ్యాయమున, నిమిషమాత్రము విడిచితినని దేవుడు ఒప్పుకొనుట ప్రవక్తల గ్రంథములలో మిక్కిలి ధైర్యముగల వాక్యములలో నొకటి. నోవహు కాలపు జలములమీది ప్రమాణమువలె ఇదియు తిరుగులేనిదనియు, పర్వతములు తొలగినను ఈ కృప తొలగదనియు అందే కలదు.

మిగిలినవారిని గూర్చి క్లుప్తముగా చెప్పవచ్చును. మీకా గ్రంథము పాపములను సముద్రపు అగాధములో పాఱవేయు దేవుని స్తుతితో ముగియును. మలాకీ గ్రంథము ప్రేమ ప్రకటనతోనే ఆరంభమై, ఎట్లు ప్రేమించితివని జనులు ఎదురు ప్రశ్నించుటతో సాగును. బంగారు దూడ ద్రోహము పిదప మోషే యెదుట ప్రకటింపబడినట్లు నిర్గమకాండము చెప్పు దైవగుణముల పట్టికను యోవేలు పశ్చాత్తాపమునకు హేతువుగా వాడుకొనగా, నహూము దాని దండన భాగమునే నీనెవె మీదికి త్రిప్పెను. యోనా గ్రంథమున మాత్రము అదే పట్టిక ఫిర్యాదుగా మాఱినది. దేవుడు కృపాళువని తాను ముందే యెఱుగుదుననియు, అందుకే తర్షీషునకు పాఱిపోతిననియు యోనా కోపగించుకొనును. ఉత్తర రాజ్యమును నిర్మూలించిన అష్షూరు రాజధానికి, అందలి లక్షయిరువదివేల జనులకును పశువులకును అదే కనికరము వర్తించుట ఆయనకు సహింపరానిదయ్యెను.

ఆధునిక విమర్శకులు ఈ ఉపమానములను తేలికగా వదలలేదు. భర్త దేవుడు, ద్రోహిణి ఎల్లప్పుడును స్త్రీ యగుట వలనను, కొట్టి వివస్త్రను చేసిన తరువాత మధురవాక్యములు పలుకుట ప్రేమగా చిత్రింపబడుట వలనను, గృహహింసకు ఇది పవిత్రతను కల్పించునని రెనీటా వీమ్స్ 1995 నాటి గ్రంథమున నిరూపింపజూచెను. ఈ ఆక్షేపణ సమంజసమైనదే. నాటి శ్రోతలలో పురుషులే ముఖ్యులనియు, వారిని స్త్రీ స్థానమున నిలిపి సిగ్గుపఱచుటయే ప్రవక్త యుక్తి యనియు చెప్పు సమాధానము దానిని కొంతవఱకే తీర్చును. వేఱొక దిక్కునుండి అబ్రహాం జాషువా హెషెల్ తన ప్రసిద్ధ గ్రంథమున (1962), ప్రవక్తల దేవుడు జనుల క్రియలచే బాధపడువాడనియు, ఈ సంవేదనయే వారి సందేశమునకు జీవమనియు ప్రతిపాదించెను. దేవునియందు వికారమును అంగీకరింపని మైమోనిదీసు మార్గమునకు ఇది ఎదురుదారి.

యూదు సంప్రదాయము హోషేయను నిత్యజీవితములోనికి తెచ్చుకొన్నది. ప్రాతఃకాల ప్రార్థనలో తెఫిల్లీను పట్టీని వ్రేలికి చుట్టుకొనుచు రెండవ అధ్యాయపు ప్రధానవాక్యములను పఠింతురు. నూతన సంవత్సర దినమున జలాశయమునొద్ద జరుగు తష్లీఖ్ కర్మలో మీకా ముగింపును చదువుదురు. తల్ముదులోని ఒక గాథయందు, ఈ జనమును మఱియొక జనముతో మార్చుకొనుమని హోషేయయే దేవునికి సలహా యీయగా, దేవుడు అతనికి గోమెరును కట్టబెట్టి, బిడ్డలు పుట్టిన పిదప ఆమెను వెళ్లగొట్టుమని యాజ్ఞాపించి, వెళ్లగొట్టలేకున్నానని అతని నోటనే పలికించెను. క్రైస్తవ గ్రంథములలో మత్తయి సువార్త బలిని గాక కనికరమును కోరు హోషేయ వాక్యమును రెండుమాఱులు యేసు నోట పలికించినది; హెబ్రీయుల పత్రిక యిర్మీయా క్రొత్త నిబంధనను సమగ్రముగా ఉదాహరించినది. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక తొమ్మిదవ అధ్యాయమున, లోఅమ్మీ పేరు మాఱిన వృత్తాంతమును యూదేతరులకు అన్వయించెను. హోషేయ దానిని చెప్పినది ఇశ్రాయేలును గూర్చియే. అదే పత్రిక పదునొకండవ అధ్యాయమున పౌలు మరల మొదటి ప్రశ్నకే వచ్చి, దేవుడు తన ప్రజలను విసర్జింపలేదని వాదింపవలసినవాడయ్యెను.